అడగకుండా మా మాట ఎత్తుకుపోవద్దు

ఆన్‌లైన్ సహాయక గ్రూపుల సభ్యులకు, అడ్మిన్లకు, రీసెర్చ్ స్కాలర్లకు, వాళ్ల గైడ్లకు, ఎథిక్స్ కమిటీల పెద్దలకు విజ్ఞప్తి



ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోను తీసి రాసుకునే మాటలు కొన్ని ఉంటాయి. హెచ్ఐవీకి ఇచ్చే ఏఆర్‌టీ మందు వేసుకుంటే తల తిరుగుతోంది, మీకూ ఇలాగే ఉందా అని ఒకరు అడుగుతారు. మూడోసారి ఐవీఎఫ్ కూడా నిలవలేదు, అత్తగారికి ఇంకా చెప్పలేదు అని ఇంకొకరు రాస్తారు. బిడ్డ పుట్టి నెల దాటింది, ఎత్తుకోబుద్ధి కావడం లేదు, నాకేమైంది అని ఒక తల్లి. మానేసి ఎనిమిది నెలలైంది, నిన్న పెళ్లిలో మళ్లీ తాగాను అని ఒక తండ్రి. డాక్టరుకు చెప్పలేనివి, కట్టుకున్నవాళ్ల దగ్గర దాచినవి, అదే బాధ పడుతున్న ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పుకుంటాం. ఆ మనిషి మనల్ని చూసి మొహం తిప్పుకోరన్న నమ్మకం మీద చెప్పుకుంటాం.

ఆ మాటలు ఇవాళ థీసిసుల్లోకి, జర్నల్ పేపర్లలోకి, మార్కెట్ నివేదికల్లోకి వెళ్తున్నాయి. చచ్చిపోవాలనిపిస్తోందని రెడ్డిట్ అనే చర్చా వేదికలో రాసుకున్నవాళ్ల పోస్టులను వేలకొద్దీ పోగేసి, కంప్యూటరుకు శిక్షణ ఇవ్వడానికని, ఎవరైనా దించుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టిన డేటాసెట్లు ఉన్నాయి. ఆ రాత్రి ఆ పోస్టు రాసిన మనిషిని ఎవరూ అడగలేదు. ఆ మనిషి ఇప్పుడు ఉన్నారో లేరో కూడా పోగేసినవాళ్లకు తెలియదు.

అడగాలి. మా మాట ఇంతే. ఎందుకు అడగాలో, ఎలా అడగవచ్చో, అడగనివాళ్లను మనం ఏం చేయాలో చెప్పడానికే ఈ కరపత్రం.

2010లో అమెరికాలో జరిగిన సంగతి ముందు చెప్పుకోవాలి. పేషెంట్స్‌లైక్‌మీ అని, రోగులు రోగులతో మాట్లాడుకునే వేదిక ఒకటుంది. ఏఎల్‌ఎస్ అనే ప్రాణాంతకమైన నరాల జబ్బు వచ్చిన సోదరుడి కోసం దారి వెతుకుతూ హేవుడ్ అన్నదమ్ములు ఒక మిత్రుడితో కలిసి 2004లో పెట్టారు. అందులో 'మూడ్' పేరుతో డిప్రెషన్, బైపోలార్ లాంటి ఇబ్బందులు ఉన్నవాళ్లు మాట్లాడుకునే విభాగం ఉండేది. ఖాతా తెరిచి లోపలికి వస్తేనే కనిపించేది. ఆ ఏడాది మే 7న, అర్ధరాత్రి దాటి ఒంటిగంట వేళ, కొత్తగా చేరిన ఒక సభ్యుడు సాఫ్ట్‌వేర్ పెట్టి అక్కడి పోస్టులన్నీ వరసపెట్టి కాపీ చేస్తున్నట్టు నిర్వాహకులు పట్టుకున్నారు. ఆరా తీస్తే అది మార్కెట్ రీసెర్చ్ సంస్థ నీల్సన్ పని. జనం ఇంటర్నెట్‌లో ఏం మాట్లాడుకుంటున్నారో పోగుచేసి అమ్మడం దాని వ్యాపారంలో ఒక భాగం. కొనేవాళ్లలో మందుల కంపెనీలూ ఉన్నాయి. ఖాతా ఉంటేనే కనిపించే చోట్ల ఇక ఇలా చేయబోమని, వాల్‌స్ట్రీట్ జర్నల్ అక్టోబరులో ఈ కథ బయటపెట్టినప్పుడు, నీల్సన్ చెప్పుకుంది.

అంతకు ముందే ఆ అన్నదమ్ముల్లో ఒకరైన బెన్ హేవుడ్ తమ 70,000 మంది సభ్యులకు జరిగింది రాశారు. అదే ఉత్తరంలో, పేర్లు తీసేసిన సభ్యుల సమాచారాన్ని తమ సంస్థ కూడా అమ్ముతుందని గుర్తు చేశారు. 218 మంది ఖాతా మూసేసి వెళ్లిపోయారు. అమ్మకం సంగతి సంస్థ ఎన్నడూ దాచలేదు, నిజమే. కానీ జబ్బుతో సతమతమవుతూ ఎవరైనా తోడు దొరుకుతారేమోనని వచ్చిన మనిషి పేజీలకు పేజీల నియమాలు చదివి 'ఐ అగ్రీ' నొక్కుతాడా? ఆ నొక్కుడును సమ్మతి అనడానికి ఆ 218 మంది ఒప్పుకోలేదు. మేమూ ఒప్పుకోం.

ఇదే వేదిక మీద జరిగిన ఇంకో సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే మేము పరిశోధనకే అడ్డం అనుకుంటారు. లిథియం వాడితే ఏఎల్‌ఎస్ నెమ్మదిస్తుందని 2008లో ఇటలీ నుంచి ఒక చిన్న అధ్యయనం వచ్చింది. వేరే ఆశ లేని రోగులు డాక్టర్ల చేత రాయించుకుని వాడటం మొదలుపెట్టారు. వాడుతున్నవాళ్లు తమ వివరాలు తామే ఈ వేదికలో నమోదు చేశారు, అది అధ్యయనానికి పనికిరావాలనే చేశారు. లిథియం వాడిన 149 మందిని, అలాంటి స్థితిలోనే ఉండి వాడనివాళ్లతో పోల్చి చూశారు. మందు పనిచేయలేదని 2011లో నేచర్ బయోటెక్నాలజీలో అచ్చయింది. ఎందరికో వృథా ఆశ, వృథా ఖర్చు తప్పాయి. ఒకే చోట, ఒకే రకం మనుషులు. ఒకసారి ఇచ్చారు, ఒకసారి వాళ్ల నుంచి దోచారు.

కోవిడ్ రోజుల్లో ఇంకా పెద్ద రుజువు దొరికింది. జ్వరం తగ్గినా నెలల తరబడి నీరసం, ఆయాసం, మతిమరుపు వదలనివాళ్లు 2020లో బాడీ పాలిటిక్ అనే ఆన్‌లైన్ సహాయక గ్రూపులో ఒకరినొకరు కనుక్కున్నారు. ఎందరో డాక్టర్లు అదంతా భ్రమ అని తీసిపారేస్తుంటే, ఆ గ్రూపు నుంచే కొందరు రోగులు పరిశోధకులయ్యారు. ప్రశ్నావళి తయారుచేసి, ఎందుకు అడుగుతున్నారో చెప్పి, ఇష్టమున్నవాళ్ల దగ్గర జవాబులు తీసుకున్నారు. 56 దేశాల నుంచి 3,762 మంది జవాబిచ్చిన సర్వే 2021లో లాన్సెట్ కుటుంబపు పత్రికలో వచ్చింది. లాంగ్ కోవిడ్‌ను ప్రపంచం పట్టించుకోవడంలో ఆ రోగుల శ్రమ చాలా ఉంది. అడిగితే సైన్సు ఆగిపోతుందనేవాళ్లు ఈ 3,762 మందిని గుర్తుంచుకోవాలి.

"పేర్లు తీసేస్తున్నాం కదా, ఇంకేం ఇబ్బంది?" అని అడుగుతారు. ఇబ్బంది ఎక్కడుందో దగ్గరగా చూపిస్తాం. ఒక పేపరులో ఈ వాక్యం కోట్ చేశారనుకోండి:

"మా అత్తమ్మకు తెల్వకుండ గోలీలు బియ్యం డబ్బల దాసిపెట్టిన, మొన్న బోనాలకు ఇల్లు సర్దంగ దొరికినయి."

(ఈ వాక్యం ఎవరిదీ కాదు. ఈ కరపత్రం కోసం మేము కట్టింది. నిజంగా ఒకరు రాసుకున్నది ఇక్కడ అచ్చువేసే హక్కు మాకు లేదు.)

కింద "మహిళ, 31 ఏళ్లు, హెచ్ఐవీ" అని మాత్రమే రాస్తారు. పేరు లేదు, ఊరు లేదు. ఇప్పుడు ఆ వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఇంటర్నెట్‌లో వెతకండి. గ్రూపు బయటికి కనిపించేదైతే పోస్టు దొరుకుతుంది, దాంతోపాటు ఖాతా దొరుకుతుంది. మూసి ఉన్న గ్రూపైతే ఏ సభ్యుడైనా లోపల వెతికి పట్టుకోగలడు. అదే ఖాతా ఇంకోచోట పాప యూకేజీ ఫీజు గురించి రాసి ఉంటుంది. మరోచోట వెనకాల బడి బోర్డు కనిపించే ఫోటో ఉంటుంది. ఇక ఆ అత్తమ్మ ఎవరో, ఆ వీధి ఏదో కనుక్కోవడం ఏ పాటి పని? పైగా బోనాలు అన్న ఒక్క మాటతో ప్రాంతం తెలిసిపోతుంది, వాక్యం యాసతో ఇంకా దగ్గరికి వస్తుంది. ఇంగ్లీషులో ఒక జబ్బు గురించి లక్షల పోస్టులు ఉంటాయి, ఒక వాక్యం వాటిలో కలిసిపోతుంది. తెలుగులో కొన్ని వందలే ఉంటాయి. ఆరువందల మంది ఉన్న గ్రూపులో ఆదిలాబాద్ మాట మాట్లాడేవాళ్లు ఇద్దరో ముగ్గురో. తెలుగు మాటను ఉన్నదున్నట్టు కోట్ చేయడమంటే చాలాసార్లు మనిషిని చూపించడమే.

ఏఆర్‌టీ సెంటర్ నుంచి తెచ్చుకున్న సీసా మీది లేబుల్ గోటితో గీకేసి ఇంటికి తీసుకెళ్లే మనుషులున్నారు. వాళ్ల గురించి మాట్లాడుతున్నాం. దాచుకోవడానికి వాళ్లు పడే అంత పాటును ఒక్క ఫుట్‌నోట్ వమ్ము చేస్తుంది.

"బయటికి కనిపించేలా రాసింది వాళ్లే కదా" అనేది రెండో వాదన. దీనికి జవాబు మనందరికీ తెలిసిందే. పెద్దాసుపత్రి క్యాన్సర్ వార్డు బయట వరండాలో ఇద్దరు తల్లులు గోడకు ఆనుకుని పిల్లల కీమో గురించి చెప్పుకుంటుంటే, దారిన పోయేవాళ్లకు వినిపిస్తుంది. వినిపించింది కదా అని పక్కన కూర్చుని రికార్డరు ఆన్ చేసేవాణ్ని ఏమంటాం? సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. మనిషి బహిరంగ ప్రదేశంలో ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని, అది చోటును కాక మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందని ఆ తీర్పులో ఉంది.

ఆ తీర్పు వెలుగులో వచ్చిన చట్టంలో మాత్రం మనకు పెద్ద కంత ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మనిషి తానే బహిరంగంగా అందుబాటులో ఉంచిన సమాచారానికి వర్తించదని సెక్షన్ 3 చెబుతోంది. పరిశోధనకు సెక్షన్ 17 కింద విడిగా ఇంకో మినహాయింపు, కొన్ని ప్రమాణాల షరతుతో, ఉంది. 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు కూడా అందరికీ అందుబాటులో ఉన్న డేటా మీద చేసే పరిశోధనకు సడలింపు ఇచ్చాయి. ఆ మార్గదర్శకాలు రాసినవాళ్ల మనసులో జనాభా లెక్కల పట్టికలు, అచ్చయిన పాత పేపర్లు ఉండి ఉంటాయని మా నమ్మకం. అర్ధరాత్రి ఏడుస్తూ రాసుకున్న పోస్టు ఆ జాబితాలోకి ఎలా వస్తుంది? అడ్మిన్ ఒప్పుకుంటేనే లోపలికి రానిచ్చే గ్రూపును "బహిరంగం" అని ఏ కమిటీ అయినా రాసిస్తే, అది తప్పు అని మొహం మీదే చెప్పాలి. హెచ్ఐవీ విషయంలో మనకు గట్టి ఆసరా ఉంది. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం, నమ్మి చెప్పిన ఒకరి హెచ్ఐవీ స్థితిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదంటోంది. మనిషిని గుర్తుపట్టడానికి వీలులేని లెక్కలకు మినహాయింపు ఉంది. పైన చూపిన వాక్యం లాంటిది అలాంటి లెక్క ఎంతమాత్రం కాదు.

సమ్మతి అనేది కాగితం మీది లాంఛనం అనుకుంటే ఏమవుతుందో తెలుగు నేలకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన అధ్యయనం అది. గిరిజన సంక్షేమ హాస్టళ్లలోని పిల్లలు వాళ్లలో ఎందరో. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపించారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 సమ్మతి పత్రాల లెక్క ఉంది. వాటిలో 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. టీకా మంచిదే, ఇవాళ ఎవరైనా అడిగితే వేయించుకోమనే చెబుతాం. కానీ తల్లిదండ్రులను అడగాల్సిన మాట వార్డెన్‌ను అడిగి సరిపెట్టారు. రేపు గ్రూపు అడ్మిన్‌ను ఒక్కణ్ని అడిగి వెయ్యి మంది సభ్యుల సమ్మతి దొరికిందని రాసుకునేవాళ్లు వస్తారు. అడ్మిన్ తలుపు తీయగలడు. సభ్యురాలి మాట ఇచ్చేసే అధికారం అతనికి లేదు.

మంచి ఉద్దేశం ఉంటే చాలదా అంటారా? ఆత్మహత్యల నివారణకు దశాబ్దాలుగా పనిచేస్తున్న బ్రిటన్ సమారిటన్స్ సంస్థ 2014 అక్టోబరు 29న రాడార్ అనే యాప్ తెచ్చింది. ట్విట్టర్‌లో మనం అనుసరించే వాళ్లు దిగులుగా రాస్తే మనకు మెయిల్ వస్తుంది. రాసినవాళ్లకు మాత్రం తమను గమనిస్తున్నారని తెలియదు. మానసిక సమస్యలతో బతుకుతున్నవాళ్లే ముందు నిలబడి గొడవ చేశారు. మమ్మల్ని వేధించేవాళ్లకు, మేము ఎప్పుడు బలహీనంగా ఉన్నామో చెప్పే యంత్రం ఇది అన్నారు. తొమ్మిది రోజుల్లో, నవంబరు 7న, దాన్ని ఆపేశారు. ఆ సంస్థ మంచితనం మీద మాకు సందేహం లేదు. అడిగి ఉంటే మొదటి రోజే ఆ మాట వినేవాళ్లు.

జూరిచ్ విశ్వవిద్యాలయం పరిశోధకుల సంగతి అంత సులువుగా క్షమించలేం. రెడ్డిట్‌లో వాదనలు జరిపే ఒక వేదికలోకి కృత్రిమ మేధ నడిపే ఖాతాలను పంపి, నెలల తరబడి వెయ్యికి పైగా వ్యాఖ్యలు రాయించారు. ఒక ఖాతా అత్యాచార బాధితుడిగా మాట్లాడింది, ఇంకోటి కౌన్సెలర్‌గా. అంతా అయ్యాక 2025లో నిర్వాహకులకు చెప్పారు. అంతకు ముందు వాళ్ల ఎథిక్స్ కమిటీ, వీలైనంత వరకు జనానికి తెలియజేయండి, వేదిక నియమాలు పాటించండి అని సలహా ఇచ్చింది. సలహా కాబట్టి పక్కన పెట్టగలిగారు. గొడవయ్యాక ఫలితాలు ప్రచురించబోమన్నారు. మన విశ్వవిద్యాలయాల కమిటీలూ సలహాలతో సరిపెట్టుకుంటే ఇక్కడా అదే జరుగుతుంది.

ఇక అసలు కష్టం ఒప్పుకోవాలి. అడిగితే చాలామంది వద్దంటారు. అమెరికాలో హడ్సన్, బ్రక్‌మన్ అనే పరిశోధకులు చాట్‌రూముల్లోకి వెళ్లి, మీ మాటలు పరిశోధన కోసం రికార్డు చేస్తున్నామని చెప్పి చూశారు. 2004లో అచ్చయిన వాళ్ల పేపరు ప్రకారం 63 శాతం సార్లు బయటికి గెంటేశారు. ఇష్టమున్నవాళ్లు చేరండి అని అడిగితే 766 మందిలో చేరింది నలుగురు. కాబట్టి కొన్ని పరిస్థితుల్లో సమ్మతి లేకుండానే చేయడానికి వీలు ఉండాలని వాళ్ల వాదన. ఆ పేపరు నిజాయితీని గౌరవిస్తాం, ఆ ముగింపును ఒప్పుకోం. వద్దంటారని తెలిసి అడగకపోవడం, వద్దన్నాక చేయడం ఒకటే. పైగా చాట్‌రూములోకి ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి రికార్డు చేస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు? నెల రోజులు ముందు వచ్చి, పేరు చెప్పి, కాలేజీ చెప్పి, దీనివల్ల మాకేం ఒరుగుతుందో చెప్పే పరిశోధకుడికి దొరికే జవాబు వేరుగా ఉంటుంది. లిథియం వాడిన ఆ ఏఎల్‌ఎస్ రోగులు అదే చూపించారు.

రీసెర్చ్ చేస్తున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీ మీద ఒత్తిడి మాకు తెలుసు. గడువు దగ్గరపడుతుంటుంది, గైడు డేటా ఏదని అడుగుతుంటారు, గ్రూపులో అంతా సిద్ధంగా కనిపిస్తుంటుంది. దయచేసి దొంగ పేరుతో, మీకూ ఆ జబ్బు ఉందని చెప్పి మాత్రం చేరకండి. మీరెవరో మొదటి పోస్టులోనే చెప్పండి. ఎంతమంది ఏ మందు పేరు ఎత్తారు, ఏ ఇబ్బంది చెప్పారు అని లెక్క మాత్రం తీస్తే చాలని మీ ప్రశ్న అయితే, గ్రూపుకు తెలియజేసి, వద్దన్నవాళ్ల పోస్టులు వదిలేసి, ఖాతాల పేర్లు మీ దగ్గర పెట్టుకోకుండా చేయండి. ఒక్క వాక్యం ఉన్నదున్నట్టు కోట్ చేయాలన్నా ఆ రాసిన మనిషినే అడగండి. దీనికి మినహాయింపు లేదు. కొందరు వద్దంటారు, కొందరు మాట మార్చి రాయమంటారు, కొందరు పేరు వేయమనే అంటారు. జవాబు రాకపోతే వద్దన్నట్టే. పోస్టు తొలగించినవాళ్ల మాట మీ ఫైలులో నుంచీ తొలగించండి. మీ పేపరు అచ్చయ్యాక ఆ గ్రూపుకు తెచ్చి, తెలుగులో, ఏం తేలిందో చెప్పండి.

ఎథిక్స్ కమిటీ పెద్దలకు ఒకటే అడుగుతున్నాం. సోషల్ మీడియా డేటా అనగానే "మినహాయింపు" ముద్ర కొట్టకండి. ఈ పోస్టు రాసినవాళ్లు ఎవరి కోసం రాశారు, వాక్యం వెతికితే మనిషి దొరుకుతారా, దొరికితే ఆ మనిషి ఇంట్లో ఏమవుతుంది అని స్కాలరును కూర్చోబెట్టి అడగండి. కమిటీలో ఆ జబ్బుతో బతుకుతున్న మనిషికి ఒక కుర్చీ వేయండి. మీ షరతు పాటించని పనికి డిగ్రీ రాదని రాసిపెట్టండి.

గ్రూపు సభ్యులారా! మీ మాట ఏదైనా పేపరులో కనిపిస్తే భయపడి గ్రూపు వదిలి వెళ్లిపోకండి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పేపరు మొదటి పేజీలో రచయిత మెయిల్, సంస్థ పేరు ఉంటాయి. ఆ సంస్థ ఎథిక్స్ కమిటీకి, జర్నల్ ఎడిటరుకు, "మా సమ్మతి ఎప్పుడు, ఎలా తీసుకున్నారు?" అని రాయండి. మీ పేరుతో రాయడం కుదరకపోతే గ్రూపు తరఫున అడ్మిన్ రాయవచ్చు. ఒక గ్రూపు రాస్తే పక్కన పెడతారు. ఇరవై గ్రూపులు రాస్తే సమాధానం చెప్పక తప్పదు. అందుకే ఈ కరపత్రం మీకు తెలిసిన ప్రతి గ్రూపు అడ్మిన్‌కూ చేరాలి.

అడ్మిన్లారా, కింది మాటలు ఈ రాత్రికే మీ గ్రూపు వివరణలో పెట్టి, పైన పిన్ చేయండి:

"ఇక్కడి మాటలు ఇక్కడి సభ్యుల కోసం. చదువు, పరిశోధన, పత్రికలు, వ్యాపారం, కంప్యూటర్ శిక్షణ, దేనికోసమైనా ఈ పోస్టులను కాపీ చేయాలంటే ముందు మీరెవరో, మీ ఎథిక్స్ కమిటీ ఏదో, మీకు ఏం కావాలో గ్రూపులో రాయండి. పదిహేను రోజులు సభ్యులు చర్చిస్తారు. అడ్మిన్ అనుమతి మీకు మాట్లాడే అవకాశం మాత్రమే ఇస్తుంది. ఒక్కొక్కరి మాటకు ఒక్కొక్కరినే అడగాలి. వద్దన్నవాళ్లను ఎందుకని అడగకూడదు."